నానిన పేము వాసన

మొన్న ఇంట్లో పాత కుర్చీ అల్లిక తెగింది. బాగుచేయడానికి వచ్చినతను పేము బద్దలు బకెట్లో నానేసి, అవి మెత్తబడేదాకా గోడకానుకుని కూర్చున్నాడు. కాసేపటికి తడిసిన పేము వాసన గదంతా పరుచుకుంది. కాస్త ఎండుగడ్డి వాసన, కాస్త వానకు తడిసిన చెక్క వాసన. చేతిలో పని అలాగే ఆగిపోయింది. ఎన్నో ఏళ్ల కిందటి పొడవాటి రేకుల హాలు, వరసగా కూర్చుని కుర్చీలల్లే మనుషులు, నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తి చప్పుడు, అన్నీ ఒక్కసారిగా వచ్చి కళ్ల ముందు నిలబడ్డాయి.

అతను కుర్చీ తిరగేసి, వేళ్లతో అంచంతా తడిమి చూశాడు. "ఇదెవరు అల్లారమ్మా? చివరి ముడి ఎక్కడా కనబడటం లేదు" అన్నాడు.

"ఎవరోలే, చాలాకాలమైంది" అన్నాను.

ఆ మాట నోటినుంచి వచ్చిన దగ్గర్నుంచి మనసు కుదురుగా లేదు.

*

నేను ఉద్యోగం చేసింది మానసిక వైద్యశాలలో, సోషల్ వర్కర్‌గా. బయట అందరి నోటా దాని పేరు పిచ్చాసుపత్రి. మీ అమ్మాయి ఎక్కడ పనిచేస్తోందని ఎవరైనా అడిగితే మావాళ్లు "ఆసుపత్రిలో" అని ఆపేసేవారు. ఏ ఆసుపత్రి అని మళ్లీ అడిగితే మాట మార్చేవారు. జబ్బు నాకు లేదు, మా ఇంట్లో ఎవరికీ ఉన్నట్టు నలుగురికీ తెలియదు. అయినా ఆ పేరు ఇంటి గుమ్మం దాటకూడదు.

ఆ రేకుల హాల్లో పొద్దున తొమ్మిదింటికి పని మొదలయ్యేది. పెద్ద తొట్టిలో పేము నానుతూ ఉండేది. రేడియో ఒక మూల సన్నగా మోగేది. పేము బద్ద చట్రం రంధ్రంలోంచి దూరి బయటికొచ్చేటప్పుడు చిన్న కీచు శబ్దం వస్తుంది. ఇరవైమంది ఒకేసారి అల్లుతుంటే అదొక పక్షుల గుంపులా వినిపించేది. తయారైన కుర్చీలు అమ్మకానికి పోయేవి. వాటి మీద కానీ, రసీదు మీద కానీ ఆసుపత్రి పేరు వేసేవారు కాదు. "పేరుంటే కొనరమ్మా" అన్నాడు స్టోరు గుమాస్తా నా మొదటి వారంలో, చాలా మామూలుగా. ఎన్నో ఇళ్లలో ఆ కుర్చీల్లో కూర్చుని మనుషులు పేపరు చదువుకున్నారు, పిల్లల్ని ఒళ్లో వేసుకుని జోకొట్టుకున్నారు. అవి ఎవరి చేతులు అల్లాయో వాళ్లకి తెలియదు.

మంచి పనివాడని పేరు పడ్డది ఒక పెద్దాయనకు. నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని, ఆయన నన్ను తల్లీ అనేవాడు. పాతికేళ్ల వయసులో తీసుకొచ్చారట. నేను చేరేనాటికి జుట్టు పూర్తిగా నెరిసింది. కేసు షీటు మొదటి పేజీల్లో సిరా అలుక్కుపోయి ఉంది. తర్వాతి పేజీల్లో ఏళ్ల తరబడి ఒకటే మాట: "లక్షణాలు లేవు. మందు కొనసాగించాలి." లక్షణాలు లేని మనిషి ఇక్కడెందుకున్నాడని కొత్తగా చేరిన ఉత్సాహంలో అడిగాను. హెడ్ సిస్టర్ నన్ను చూసి, "ఎక్కడికి వెళ్తాడు?" అంది.

ఆయన తరఫున ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. చివరికి అనుమతి తీసుకుని, ఆసుపత్రి జీపులో ఆయన్నే ఇంటికి తీసుకెళ్లాను. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పొద్దున్నే తయారై కూర్చున్నాడు. తమ్ముడు గేటు దాకా వచ్చాడు. గేటు తీయలేదు. ఆయన చెడ్డవాడని నేనెప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కళ్లనిండా నీళ్లున్నాయి. "అమ్మాయికి సంబంధం కుదిరింది మేడమ్. ఇప్పుడు నలుగురికీ తెలిస్తే..." అన్నాడు. వాక్యం పూర్తి చేయలేదు, చేయనక్కర్లేదు కూడా.

తిరిగొస్తుంటే సగం దారి దాకా బాబాయిగారు మాట్లాడలేదు. తర్వాత, "కిటికీలో నిలబడింది చూశావా తల్లీ, పిల్లది అచ్చం వాళ్ల నాన్న పోలికే" అన్నాడు. ఆ మధ్యాహ్నం నేను వెళ్లేసరికి మామూలుగా కూర్చుని కుర్చీ అల్లుతున్నాడు.

*

నలుగురు. ఈ మాట మీద నేనొక పుస్తకమంత రాయగలను. "నలుగురూ ఏమనుకుంటారో" అని రోగిని దాచేవాళ్లు. "నలుగురిలో పడితే అదే కుదుటపడుతుంది" అని ధైర్యం చెప్పేవాళ్లు. ఒక్కోసారి రెండు మాటలూ ఒకే తల్లి నోట, ఒకే పూట విన్నాను.

మా పెద్ద డాక్టరుగారు వారానికోసారి సాయంత్రం ఓపీ అయ్యాక మమ్మల్ని కూర్చోబెట్టేవారు. సుద్దముక్క విరిచి జేబులో వేసుకుని, కథ చెబుతున్నట్టు మొదలుపెట్టేవారు. బాబాయిగారి గేటు సంగతి నేను చెప్పిన వారం ఆయన పాఠం ఆపేసి, బెల్జియంలోని గేల్ అనే ఊరి సంగతి చెప్పారు. అక్కడ ఒక ప్రార్థనాలయానికి మతి చలించినవాళ్లను తీసుకొచ్చేవారు. మధ్యయుగాల్లోనే, జనం ఎక్కువై చోటు చాలక, ఊళ్లోవాళ్లు వాళ్లను తమ ఇళ్లలో ఉంచుకోవడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు పొలంలో పనిచేసేవారు, పిల్లల్ని ఆడించేవారు. కొందరు ఒకే ఇంట్లో ముసలివాళ్లయిపోయారు. 1930ల చివర్లో ఆ ఒక్క ఊళ్లో 3,700 మందికి పైగా అలా ఇళ్లలో ఉండేవారు. ఉంచుకునే కుటుంబానికి జబ్బు పేరు చెప్పరు. మనిషి అలవాట్లు చెబుతారు, అంతే.

"జబ్బు పేరు చెప్పకపోతే ఎలా సార్?" అని అడిగాను.

"పేరు తెలిస్తే పేరుతోనే కాపురం చేస్తారమ్మాయ్, మనిషితో కాదు" అన్నారు.

ఇంకో వారం నైజీరియా డాక్టర్ లాంబో గురించి చెప్పారు. 1954లో అబెయోకుటా దగ్గర ఆరో అనే చోట పనికి చేరినప్పుడు, ఆసుపత్రి భవనాలు పూర్తయ్యేదాకా ఆగకుండా, చుట్టుపక్కల పల్లెల ఇళ్లలోనే రోగులకు బస ఏర్పాటు చేయించాడు. ప్రతి రోగితో ఒక బంధువు రావాలి. పగలు వైద్యం, రాత్రి పల్లె. ఆ ప్రాంతపు సంప్రదాయ వైద్యుల్ని తరిమేయకుండా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గోడ కట్టి దాని లోపల వైద్యం చేయడం ఒక సమాజం చేసుకున్న ఏర్పాటే గానీ జబ్బు స్వభావం కోరింది కాదని నాకు మొదటిసారి తెలిసిన సాయంత్రం అది. ఇంటికి నడిచి వెళ్తూ దారి పొడుగునా ఆ గేటే తలుచుకున్నాను.

*

నిజానికి ఈ పనిలోకి నేనెందుకొచ్చానో చెప్పాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి.

నా చిన్నప్పుడు మా పిన్ని కొన్నాళ్లు మా ఇంట్లో ఉంది. పుట్టిన బిడ్డ పోయింది. మూడు నెలలైనా మంచం దిగలేదు. వెనక గదిలో ఏడుపు మొదలవగానే ముందుగదిలో రేడియో గొంతు పెంచేవారు. ఆ రేడియో మీద వార్తలొచ్చినా పాటలొచ్చినా నాకు ఇప్పటికీ కింద సన్నగా ఇంకో గొంతు వినిపిస్తుంది. నన్ను వీధి గుమ్మంలో కూర్చోబెట్టి, "ఎవరైనా వస్తే పిన్నికి జ్వరమని చెప్పు" అనేవారు. జ్వరం రావడానికి అందరికీ హక్కుంది. బెంగకు లేదు. బెంగ పడితే "ఎన్నాళ్లిలా? ఇంకో బిడ్డ పుట్టడా?" అనేవారు, మంచి మనసుతోనే.

పక్కింటావిడ మాత్రం నా జ్వరం మాట విని తలూపి, నేరుగా వెనక గదిలోకి వెళ్లిపోయేది. రోజూ మధ్యాహ్నం వచ్చేది. మంచం మీద కూర్చుని పిన్ని తల చిక్కు తీసి జడ వేసేది. తలుపు సందులోంచి చూస్తే ఇద్దరి వీపులూ కనబడేవి. ఒకరోజు పిన్ని గొంతు వినిపించింది. ఏడుపు కాదు, మాట. ఏం చెప్పిందో ఎవరికీ తెలియదు.

పెద్దయ్యాక అడిగాను, ఆవిడ నీతో ఏం మాట్లాడేదని. పిన్ని ఆలోచించి, "ఏం మాట్లాడేది కాదే. నొప్పెట్టకుండా చిక్కు తీసేది. బిడ్డ పేరేం పెట్టాలనుకున్నావని ఒకసారి అడిగింది. అంతకుముందు ఎవరూ అడగలేదు" అంది.

లండన్‌లోని క్యాంబర్‌వెల్ ప్రాంతపు ఆడవాళ్ల మీద జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ చేసిన పరిశోధన గురించి డాక్టరుగారు చెప్పిన రోజు నేను క్లాసులోంచి లేచి బయటికి వెళ్లిపోయాను. 1978లో వాళ్లు రాసినదాని సారం ఇది: పెద్ద దెబ్బ తగిలిన ప్రతి ఆడమనిషీ డిప్రెషన్‌లో పడదు. పదకొండేళ్లు నిండకుండా తల్లిని పోగొట్టుకున్నవాళ్లు, ఇంట్లో పద్నాలుగేళ్లలోపు పిల్లలు ముగ్గురు, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లు, బయట ఉద్యోగం లేనివాళ్లు, మనసు విప్పి చెప్పుకునే మనిషి లేనివాళ్లు ఎక్కువగా పడిపోతారు. ఆ చివరిది వినగానే నాకు రెండు వీపులు కనబడ్డాయి.

*

ఓపీలో నా బల్ల మొదటిది. రోగి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు నా దగ్గర కూర్చోవాలి. "నాకు దుఃఖంగా ఉంది" అని మొదలుపెట్టినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. తల బరువు. ఒళ్లంతా మంటలు. నరాలు లాగేస్తున్నాయి. గుండెల మీద బండ పెట్టినట్టుంది. చాలామంది అప్పటికే నాలుగైదు చోట్ల తిరిగి, సంచినిండా పరీక్షల కాగితాలతో వచ్చేవారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి కాబట్టి "నీకేం లేదమ్మా" అని పంపేశారట. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల ముఖం చూడాలి. ఇంట్లో అత్తగారూ అదే అంటుంది, భర్తా అదే అంటాడు. ఇప్పుడు డాక్టరు కూడా.

నేనూ మొదట్లో వాళ్లు అసలు సంగతి దాస్తున్నారనుకున్నాను. ఆ తప్పు దిద్దింది డాక్టరుగారు చెప్పిన చైనా సంగతి. ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు 1980లో హునాన్‌లో నరాల నీరసం అనే జబ్బు పేరుతో వైద్యం పొందుతున్న 100 మందిని పరీక్షించాడు. వాళ్లలో 87 మందికి డిప్రెషన్ ఉందని తేల్చాడు. కానీ వాళ్లు చెప్పుకున్నది తలనొప్పి, నిద్రలేమి, నీరసం. మావో కాలపు సాంస్కృతిక విప్లవం దాటి వచ్చిన జనం వాళ్లు. నాకు నిరాశగా ఉందని చెబితే అది రాజకీయ తప్పిదమయ్యే రోజులు చూశారు. తలనొప్పి మీద ఎవరూ నేరం మోపరు. మనిషికి ఏ బాధ చెప్పుకుంటే దెబ్బలు తగలవో, ఒళ్లు ఆ బాధనే ఎంచుకుంటుంది. అబద్ధం చెప్పడం వేరు, ఇది వేరు. నిజంగానే అక్కడే నొప్పెడుతుంది.

ఆ తర్వాత "ఏం బాధ?" అని అడగడం మానేశాను. "బండ ఎప్పుడు ఎక్కువ బరువుంటుంది?" అని అడిగేదాన్ని. "సాయంత్రం, ఆయన వచ్చే వేళకి" అనేది ఒకావిడ. "ఆదివారం" అనేది ఇంకొకావిడ. అక్కణ్నుంచి మాట దానంతటదే సాగేది.

మగవాళ్లకు ఆ మాత్రం దారి కూడా లేదు. నిద్ర పట్టడం లేదంటారు, లేదా తాగుడు మాన్పించమని భార్య తీసుకొస్తుంది. నలభై దాటిన ఒకాయన నా బల్ల ముందు కూర్చుని, తలుపు గడియ పెట్టమని అడిగాడు. పెట్టాక పావుగంట ఏడ్చాడు. తర్వాత ముఖం తుడుచుకుని గడియ తనే తీశాడు. చిన్నప్పుడు తండ్రి పోయిన రోజు, "నువ్వే ఏడిస్తే ఎలా, మగపిల్లాడివి" అన్నారట. అప్పట్నుంచీ ఆపుకున్నదంతా ఆ పావుగంటలో వచ్చింది.

ఉద్యోగం మానేశాక హరారేలో బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్ల బాధ వినే అమ్మమ్మల గురించి చదివాను. జింబాబ్వే డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో పద్నాలుగుమంది పెద్దవాళ్లతో మొదలుపెట్టాడు. ముందు దానికి మానసిక ఆరోగ్యపు బెంచీ అని పేరు పెడితే ఎవరూ వచ్చి కూర్చోలేదు. అమ్మమ్మలే ఆ పేరు మార్పించి స్నేహపు బెంచీ చేశారు. డిప్రెషన్ అనే మాట వాడలేదు, షోనా భాషలో కుఫుంగిసిస అనేవారు. అతిగా ఆలోచించడం అని దానర్థం. 573 మందితో చేసిన పరిశీలన ఫలితం 2016లో వచ్చింది. మామూలు వైద్యం పొందినవాళ్లకంటే ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఆరునెలలకు బాగా తేరుకున్నారు. చదువుతూ నా బల్ల గుర్తొచ్చింది. మధ్యలో అంత బల్ల పెట్టుకుని, అవతలా ఇవతలా ఎందుకు కూర్చున్నానో.

*

పాత రిజిస్టర్లున్న గది ఒకటుండేది. ఎలుక కొరికిన అంచులు, పసుపెక్కిన కాగితం. వాటిలో జబ్బుల పేర్లు చదువుతుంటే, ఏ కాలంలో ఏది తప్పనుకున్నారో తెలిసేది. ఒకరోజు ఒక తండ్రి కొడుకుని తీసుకొచ్చాడు. అబ్బాయికి ఇరవై ఉంటాయేమో. మగవాడి మీద మనసు పడ్డాడు. మందిచ్చి మార్చమంటాడు తండ్రి. డాక్టరుగారు అబ్బాయితో విడిగా చాలాసేపు మాట్లాడి, తండ్రిని లోపలికి పిలిచారు.

"మీవాడికి నిద్రలేదు, భయముంది. వాటికి మందిస్తాను. మీరు చెప్పినదానికి నా దగ్గర మందు లేదు, అది జబ్బు కాదు కాబట్టి."

"పుస్తకాల్లో జబ్బనే ఉంది కదండీ" అన్నాడాయన. చదువుకున్నవాడు.

"ఉండేది. అమెరికా సైకియాట్రీ సంఘం 1973లో తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది" అని, ఆగి, "ఇంకో సంగతి చెప్తాను వినండి" అన్నారు. 1851లో కార్ట్‌రైట్ అనే అమెరికన్ డాక్టరు, బానిసలు యజమానుల దగ్గర్నుంచి పారిపోవడం ఒక మానసిక వ్యాధి అని రాశాడు. దానికి డ్రాపెటోమేనియా అని పేరు కూడా పెట్టాడు. "పారిపోయినవాడిది జబ్బా, కట్టేసినవాడిదా?"

తండ్రి ఏమీ అనలేదు. ఇద్దరూ వెళ్లిపోయారు. ఆ అబ్బాయి మళ్లీ రాలేదు. ఎలా ఉన్నాడోనని నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటాడు. కాగితం మీద కొట్టేసిన మాట మనుషుల నోళ్లలోంచి పోవడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్క నా దగ్గర లేదు.

*

మా వార్డులో ఒకతనికి చనిపోయిన నాయనమ్మ గొంతు వినిపించేది. "లే, స్నానం చెయ్. ఆ చొక్కా మార్చు" అని. విసుక్కుంటూనే లేచేవాడు. మేము విద్యార్థులుగా నేర్చుకున్న గొంతులు భయంకరంగా, చంపమని చెప్పేవి. ఇతని నాయనమ్మ ఆ పాఠంలో ఎక్కడా లేదు. చాలా ఏళ్లకు తాన్యా లూర్మన్ అనే ఆంత్రోపాలజిస్టు బృందం పని చదివాను. కాలిఫోర్నియాలో 20 మందిని, ఘనాలోని అక్రాలో 20 మందిని, చెన్నైలో 20 మందిని తమకు వినిపించే గొంతుల గురించి అడిగారు. కాలిఫోర్నియావాళ్లు ఎక్కువగా హింస, ద్వేషం చెప్పారు. అక్రాలో చాలామందికి దేవుడు వినిపించాడు. చెన్నైలో బంధువులు, తిడుతూ, పనులు చెబుతూ. తొమ్మిది దేశాల్లో 1,202 మందితో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన పాత పరిశీలనలో కూడా, స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు నుంచి తేరుకోవడం పేద దేశాల్లోనే మెరుగ్గా కనబడింది. తర్వాత దాని మీద చాలా వాదోపవాదాలు నడిచాయి.

డాక్టరుగారు ఆ పాత పరిశీలన లెక్కలు చెప్పి మమ్మల్ని అక్కడే ఆపేసేవారు. "బంధువులుంటే మందులెందుకు అని మాత్రం ఎవరితోనూ అనకండి. గొలుసు వేసేదీ బంధువులే." ఇంట్లో మాట తీరు గురించి మాత్రం పట్టుబట్టి చెప్పించేవారు. ఎత్తిపొడుపులు, కోపం, ఊపిరాడనివ్వని అతిశ్రద్ధ ఉన్న ఇంటికి వెళ్లిన రోగికి జబ్బు త్వరగా తిరగబెడుతుందని 1976లో వాన్, లెఫ్ అనే పరిశోధకులు చూపించారు. అలాంటి ఇంట్లో వాళ్లతో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపితే ఇంకా ఎక్కువ. డిశ్చార్జికి ముందు కుటుంబాల్ని కూర్చోబెట్టి నేను చెప్పిన మాటల్లో సగం ఇవే. "ఏరా, మందేసుకున్నావా" అని పూటకి పదిసార్లు అడిగే తల్లికి, ఒక్కసారి అడగమని నేర్పడం నేను చేసిన పనుల్లోకెల్లా కష్టమైనది.

*

బాబాయిగారు ఆసుపత్రిలోనే పోయారు, ఒక తెల్లవారుజామున, నిద్రలో. తమ్ముడికి కబురు పంపితే ఈసారి వచ్చాడు, ఒక్కడే. హాల్లోకి వెళ్లి, సగం అల్లిన కుర్చీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. అంతకుముందు ఆయన పూర్తిచేసిన చివరి కుర్చీని నేను కొనుక్కున్నాను. రసీదు మీద ఆసుపత్రి పేరు లేదు. ఇంటికొచ్చినవాళ్లు అడిగితే ఇన్నేళ్లూ, ఎక్కడో కొన్నాను, ఎవరో అల్లారు అనే చెబుతూ వచ్చాను.

పేము నానింది. అతను పాత అల్లిక విప్పడం మొదలుపెట్టాడు. ఒక మూల దగ్గర ఆగి, చట్రం కిందికి వంగి, "ఇదిగో, ఇక్కడ దాచాడు ముడి. రెండు బద్దల మధ్యలోకి తోసి, వెనక్కి తిప్పాడు. మా నాన్న కూడా ఇలా వేయలేదమ్మా" అన్నాడు.

అప్పుడు చెప్పాను. ఏ ఆసుపత్రో చెప్పాను. ఎన్నేళ్లున్నాడో చెప్పాను. ముడి కనబడితే అల్లిక అక్కడే తెగుతుంది తల్లీ అనేవాడని చెప్పాను. ఆయన పేరు కూడా చెప్పాను.

అతను చేతిలో బద్ద పట్టుకుని అంతా విన్నాడు. తర్వాత ఆ మూల ముడిని విప్పకుండా వదిలేసి, పక్క వరస నుంచి కొత్త బద్ద అందుకున్నాడు.

"నేనూ ఇలాగే వేస్తాను, చూడండి" అన్నాడు.

నేను నేల మీద అతని పక్కనే కూర్చున్నాను.